జూన్ అని పేరు పెట్టిన బొమ్మ

15 సెప్టెంబర్ 1959, మంగళవారం

ఈ నోటుపుస్తకం వంటలు రాసుకోవడానికి కొన్నది. మొదటి పేజీలో బ్లాక్‌బెర్రీ జామ్ ఉంది. రెండో పేజీలో ఇది.

గిల్బర్ట్ అబద్ధం చెప్పాడు. అది జూన్ కాదు.

ఇంకేమీ రాయలేను. కెటిల్ పొయ్యి మీదే ఉండిపోయి అడుగు మాడింది.

16, బుధవారం

వరసగా రాస్తే బుర్ర కుదురుకుంటుందేమో.

పోయిన వారం లండన్ నుంచి మిస్ స్ట్రౌడ్ ఉత్తరం రాసింది. ఈ కాలపు చిత్రకారుల నీటిరంగుల బొమ్మలన్నీ ఒకచోట చేర్చి పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. గిల్బర్ట్ బొమ్మల్లో ఆవిడకి కావలసింది ఒక్కటే: ‘జూన్ 1954’. మా ముందుగదిలో ఐదేళ్ళుగా వేలాడుతున్నది. పెద్ద కాగితం నిండా బూడిద రంగులు ఒకదానిలోకి ఒకటి పాకి ఉంటాయి, కింద నల్లటి ఒంపు ఒకటి, కుడి పక్క పైన గోరంత నారింజ చుక్క. అంతే. పడవ లేదు, కొండ లేదు, మనిషి లేడు. గిల్బర్ట్ బొమ్మల్లో అవి ఉండవు. మా పెళ్ళయిన కొత్తలో మా అమ్మ తన బొమ్మలు మొదటిసారి చూసి, “దుప్పటి మీద టీ ఒలికితే ఉతక్కుండా గోడకి తగిలించారేమే?” అంది. గిల్బర్ట్ వారం రోజులు నవ్వాడు.

ఆ పేరు పెట్టినప్పుడు నేనూ వేళాకోళం చేశాను, జూన్ నెలలో ఇంత మబ్బేమిటయ్యా అని. “నువ్విక్కడ పుట్టినదానివి. మీ ఊళ్ళో జూన్ ఎలా ఉంటుందో నన్నడుగుతావా?” అన్నాడు. అదీ నిజమే అనుకున్నాను.

ఈ ఇంట్లో కాగితం పని నాది. స్నానాల తొట్టిలో నానబెట్టడం, చెక్క మీద పరిచి అంచుల చుట్టూ జిగురు పట్టీలు వెయ్యడం, బొమ్మ ఆరాక కోసి తియ్యడం, చుట్టూ వేసే అట్ట మౌంటు కత్తిరించడం, అన్నీ నేనే. గిల్బర్ట్ చేతికి కత్తి ఇస్తే తిన్నగా ఉన్న గీత కూడా మెలికలు తిరుగుతుంది. కానీ ఆ ఒక్క బొమ్మకి మాత్రం తనే మౌంటు కోశాడు, తనే చట్రంలో బిగించాడు, వెనకాల మేకులు కూడా తనే కొట్టాడు. “నువ్వసలే దుఃఖంలో ఉన్నావు, నీకెందుకు శ్రమ,” అన్నాడు. నా మొగుడంత మంచివాడు ఈ తీరంలోనే లేడని పొంగిపోయాను. మౌంటు ఎడమ పక్క వంకర. ఇన్నేళ్ళూ ఆ వంకర చూస్తే ముద్దొచ్చేది నాకు.

వంకర మౌంటుతో లండన్ పంపితే పోయేది నా పరువే. గిల్బర్ట్ రెండేళ్ళుగా మంగళవారం పొద్దున్నే కాలేజీలో పాఠాలు చెప్పడానికి బాత్ పట్నం వెళ్తాడు, గురువారం సాయంత్రం వస్తాడు. తను వచ్చేలోపల కొత్తది వేసి ఉంచుదామని నిన్న మేకులు పీకాను.

మౌంటు కింద, బొమ్మ అంచులో పెన్సిల్ రాత ఉంది. గిల్బర్ట్ రాతే. అంచుల్లో రంగులు సరిచూసుకోవడం, నాలుగు ముక్కలు రాసుకోవడం తనకి అలవాటు. ఎలాగూ మౌంటు కిందికి పోయేవే కదా. అక్కడ నారింజ రంగు మచ్చలు మూడు ఉన్నాయి. వాటి పక్కన ఇలా ఉంది:

‘11 మార్చి. 3.50 నుంచి 4.25. పడమటి గాలి. కాగితం బాగా తడి. నారింజ రెండుసార్లు పైకి. మూడోసారి లేదు. ఒకటి ఉంచాను.’

1954 మార్చి 11న మా తమ్ముడు డెన్‌జిల్ సముద్రంలో పోయాడు.

17, గురువారం, పొద్దున

పోయేనాటికి వాడికి ఇరవై మూడు. ఒంటరిగా పడవ వేసుకెళ్ళి పీతలు పట్టే బుట్టలు సముద్రంలోంచి లాగి తెచ్చేవాడు. ఇంకొకణ్ణి తోడు తీసుకెళ్ళరా అంటే, తోడు వచ్చినవాడు వాగుతాడు, పీతలు బెదురుతాయి అనేవాడు. చెప్పీ చెప్పీ అమ్మ నోరు నొప్పెట్టింది. ఆఖరికి ఏం చేసిందంటే, యుద్ధం అయ్యాక వాయుసేన వాళ్ళు వదిలించుకున్న సామాన్లలో తెప్ప మీద కప్పే గుడ్డ ఒకటి సంపాదించి, దాంతో వాడికి పెద్ద చొక్కా కుట్టింది. నాలుగు సూదులు విరిగాయి. మండిపోయే నారింజ రంగు. అలాంటిది ఈ తీరంలో ఇంకొకటి లేదు. రేవులో కుర్రాళ్ళు “క్యారెట్ వచ్చింది రోయ్” అని ఏడిపించేవాళ్ళు. “నవ్వితే నవ్వనీ. మైలు దూరంనుంచైనా కనబడతావు,” అంది అమ్మ.

కనబడ్డాడు.

పడవ రెండో రోజున తిరగబడి దొరికింది. వాడు దొరకలేదు. వాడికి సమాధి లేదు. గుడి గోడ మీద, సముద్రంలో పోయిన మిగతావాళ్ళ పేర్ల కింద వాడి పేరు చెక్కారు, అంతే.

మా ఇల్లు ఒకప్పుడు తెరచాపలు కుట్టే కొట్టు. పై గది కిటికీలోంచి చూస్తే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ మొన అవతలి నీళ్ళు కూడా కనబడతాయి. రేవు గోడ మీదనుంచి కనబడవు. అందుకని గాలి తిరిగిందంటే ఊళ్ళో ఆడవాళ్ళు తిన్నగా ఈ మెట్లెక్కి తమ పడవలు చూసుకుని పోయేవారు. తలుపు తట్టేది కూడా లేదు. నా చిన్నప్పుడు అమ్మ చంకనెక్కి నేనూ చూశాను. గిల్బర్ట్ ఈ కొట్టు కొన్నాక అది ఆగింది. తడి కాగితం మీద రంగు వేస్తే ఉన్నది అరగంట. ఈలోపల ఎవరైనా వచ్చి ఒక్క మాట మాట్లాడినా చేసిందంతా నీళ్ళపాలు. పెళ్ళయిన కొత్తలో నేనే ఒక పద్ధతి పెట్టాను: కాగితం తడిగా ఉన్నంతసేపూ మెట్ల తలుపు గుబ్బకి ఎర్ర గుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డ ఉంటే ఎవరూ ఎక్కకూడదు. ఊళ్ళోవాళ్ళు గొణుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు.

ఆ రోజు నేను వంటింట్లో ఉన్నాను. ఎవరూ రాలేదు.

ఆరింటి బస్సుకి వస్తాడు.

18, శుక్రవారం

బొమ్మ విప్పి బల్ల మీద పరిచి ఉంచాను, రాత ఉన్న వైపు గుమ్మంకేసి తిప్పి. నిన్న సాయంత్రం గిల్బర్ట్ టోపీ తీస్తూ వచ్చాడు. “కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, ఏం వండావ్?” అన్నాడు. అప్పుడు బల్ల చూశాడు. టోపీ మళ్ళీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

“విప్పావా,” అన్నాడు.

“ఇది మార్చి.”

“అవును.”

“వాణ్ణి చూశావా?”

“నారింజ రంగు చూశాను.”

“నేనడిగింది మనిషి సంగతి, గిల్బర్ట్.”

“మనిషిని చూళ్ళేదు. ఒట్టు. నా పని ఎలాంటిదో నీకు తెలీదా లవ్‌డే? పడవని పడవ అనుకున్నానంటే చెయ్యి పడవే గీస్తుంది. కళ్ళలో పడ్డదానికి పేరు పెట్టకుండా చూడ్డం నేర్చుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది నాకు. బూడిద మీద నారింజ పైకొచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. అబ్బ, ఎంత బావుందో అనుకున్నాను. మూడోసారి ఎక్కడ వస్తుందో పట్టుకుందామని కుంచె ఎత్తి పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.”

“చూస్తూ కూర్చున్నావా!”

“రాలేదు.”

ఇది చెబుతున్నప్పుడు కూడా తన వేళ్ళు కుంచె పట్టుకున్నట్టే ఉన్నాయి. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

“మర్నాడు పొద్దున. రొట్టె కోసం రేవు మీదుగా వెళ్ళాను. వెతకడానికి వెళ్ళే పడవల వాళ్ళని మీ అమ్మ ఒక్కొక్కళ్ళనీ ఆపి చెబుతోంది. ‘నారింజ కోసం చూడండయ్యా, మావాడు నారింజ రంగులో ఉంటాడు’ అని.”

ఆ రోజు రొట్టె లేకుండా తిరిగొచ్చాడు. నాకు గుర్తుంది. మొహం పాలిపోయి ఉంటే, ఇలాంటప్పుడు రొట్టె ఎవరిక్కావాలిలే అని నేనే తన వీపు నిమిరాను.

“వాళ్ళు మొనకి ఇవతల వెతికారు,” అన్నాను. “మూడు రోజులు ఇవతలే వెతికారు. ఎక్కడ చూశావో ఒక్క ముక్క చెప్పి ఉంటే?”

“అప్పటికి రాత్రంతా గడిచిపోయింది. వాడు తిరిగొచ్చేవాడా?”

“శవమన్నా దొరికేది! మా అమ్మ పాతిపెట్టుకునేది!”

తేలు కుట్టిన దొంగలా టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.

“మరైతే దీన్ని చింపెయ్యలేకపోయావా?”

“చింపబోయాను. రెండు చేతులతో పట్టుకున్నాను కూడా.”

“ఏమొచ్చింది మరి?”

“బావుంది లవ్‌డే. నా జన్మలో వేసినవాటిలో నిజంగా బావున్నది అదొక్కటే.”

చేతికందిన పళ్ళెం విసిరాను. తనకి తగల్లేదు. వేయించిన చేప గోడకి తగిలి మెల్లగా కిందికి జారింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. తర్వాత గిల్బర్ట్ చిన్న గొంతుతో అడిగాడు.

“ఆ రోజు మెట్ల కింద ఎవరో మాట్లాడారు. ‘కాగితం తడిగా ఉంది’ అని నువ్వనడం నాకు వినిపించింది. ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదు,” అన్నాను.

19, శనివారం

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం తన వంతు, నాది కాదు. తన తప్పులో సగం నా నెత్తిన పెట్టాలని చూస్తున్నాడు.

అమ్మ వచ్చింది, కాదనను. కానీ అప్పటికి టీ వేళ దాటిపోయింది. దీపాలు పెట్టాం.

గిల్బర్ట్ పై గదిలో పడుకుంటున్నాడు. మంచిదే.

20, ఆదివారం

ప్రార్థన అయ్యాక అమ్మని చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దింపాను. అమ్మకి అరవై ఎనిమిది. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ నాలుక అరగలేదు. “మీ రంగులాయన ప్రార్థనకి రాలేదేం? దేవుడికి కూడా ఆకారం ఉండకూడదంటాడా?” అంది. నవ్వాను. నవ్వగలిగినందుకు నన్ను నేనే ఆశ్చర్యపోయి చూసుకున్నాను.

గుడి గోడ దగ్గర ఆగి వాడి పేరు మీద చెయ్యి వేసింది, ఎప్పుడూ వేసినట్టే. నేను పక్కకి తిరిగాను.

దీపాలు పెట్టలేదు. మార్చిలో ఐదింటికి కూడా ఇంకా వెలుగుంటుంది.

21, సోమవారం

నాలుగు.

22, మంగళవారం

గిల్బర్ట్ బాత్ వెళ్ళాడు. ఇల్లు ఖాళీ. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

గడియారం నాలుగు కొట్టింది. అమ్మ వెనక గుమ్మంలోంచి వచ్చింది. జుట్టంతా గాలికి రేగిపోయి ఉంది. “వీడింకా రాలేదే. మొన దాటుతున్నాడేమో పైకెళ్ళి ఒక్కసారి చూసొస్తా,” అంది. మెట్ల తలుపు మీద చెయ్యి వేసింది. గుబ్బకి ఎర్ర గుడ్డ ఉంది. నేను అమ్మ ముందుకెళ్ళి నిలబడ్డాను. అవును, నిలబడ్డాను. “కాగితం తడిగా ఉందమ్మా. అరగంటాగు,” అన్నాను.

నా గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తోంది. కొంచెం గొప్ప ఉంది అందులో. చేపలు కోసే వాళ్ళ పిల్ల చిత్రకారుణ్ణి కట్టుకుంది కదా. ఈ ఇంట్లో ఏది ముఖ్యమో మా అమ్మకి నేర్పాలని ఉంది నాకు.

అమ్మ నన్ను నెట్టలేదు. తలచుకుంటే నెట్టగలదు, నాకంటే బలం ఆమెకే ఎక్కువ. “అలాగేలే, ఆయన పని పాడవకూడదు,” అని కింది మెట్టు మీద కూర్చుంది. నేను టీ ఇచ్చాను. పక్కింటివాళ్ళ పిల్లి ఈనిందని కబుర్లు చెప్పాను. పిల్లి కబుర్లు!

నాలుగున్నరకి గిల్బర్ట్ దిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. “రండత్తగారూ, ఇప్పుడెక్కండి,” అన్నాడు. ఎవరొచ్చారని మొన్న అడిగింది తెలీక కాదు, నా నోట చెప్పించడానికి. అమ్మ ఎక్కింది. పైన చాలాసేపు నిలబడింది. దిగొచ్చి, “నీళ్ళు తప్ప ఏమీ లేదు,” అంది.

ఐదేళ్ళుగా ఇది నాకు తెలుసు. తెలీదని రాసినవన్నీ పై పేజీల్లో ఉన్నాయి. కొట్టెయ్యను.

24, గురువారం

మిస్ స్ట్రౌడ్ చెప్పాపెట్టకుండా దిగింది. సన్నగా పొడుగ్గా ఉంది, చిన్న పిల్లల గొంతు. అంచులో రాత కనబడకుండా గబగబా పాత మౌంటు కప్పి బొమ్మ చూపించాను. దాని ముందు నిలబడి రెండు చేతులూ జోడించింది. ప్రార్థనకి వచ్చినదానిలా ఉంది.

“ఈ నారింజ! మిసెస్ హెయిన్స్, మీకు తెలుసా, మీవారు పంపిన రంగుల ఫోటో చూసే దీని గురించి నేను ఆరు పేజీలు రాశాను. ఎంత తేలిగ్గా ఉంది చూడండి, ఎంత సంతోషంగా ఉంది! ఇది ఏమీ కాదు, దేనికీ గుర్తు కాదు. ఉత్త ఆనందం!”

“టీ తాగుతారా?” అన్నాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు: ప్రదర్శన పోస్టర్ మీద ఈ బొమ్మే వేస్తారట. దేశంలో ఉన్న రైల్వే స్టేషన్లన్నిటిలో అంటిస్తారట. మా స్టేషన్లో కూడా. అమ్మ ప్రతి శుక్రవారం సంతకి ఆ స్టేషన్లోంచే వెళ్తుంది. సోమవారం బొమ్మ కోసం వ్యాను పంపిస్తానని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

సాయంత్రం గిల్బర్ట్ వచ్చాక చెప్పాను. తను పొయ్యి వంక చూశాడు. “చెప్పు, కాల్చేస్తాను. ఇప్పుడే కాల్చేస్తాను.”

“కాల్చి? ఏమైందని అమ్మ అడిగితే నక్క ఎత్తుకుపోయిందని చెప్పనా?”

“మరేం చేద్దాం?”

“అమ్మకి చెబుతాను.”

“చంపేస్తావు ఆవిణ్ణి.”

“లండనంతా చూసి చప్పట్లు కొట్టేదాన్ని కన్నతల్లి చూడొద్దా?” అన్నాను. మాట పెద్దదే. కానీ తను చేసింది చెబితే నేను చేసిందీ చెప్పాలి. నా భయమంతా ఆ రెండోదాని గురించే. అమ్మకి మిగిలింది నేనొక్కదాన్ని. ఇది విన్నాక నన్ను కూతురిలా చూస్తుందా?

25, శుక్రవారం

అమ్మ దగ్గరికి వెళ్ళాను. కేకు తిన్నాను. వచ్చేశాను.

26, శనివారం

రేపు ప్రార్థన అయ్యాక ఇక్కడికే రమ్మన్నాను. “ఏమిటీ, కడుపుతో ఉన్నావా ఈ వయసులో?” అంది. నలభై ఏళ్ళొచ్చాయి నాకు. నవ్వలేకపోయాను.

27, ఆదివారం

అమ్మ ఆదివారం టోపీతో, చేతి తొడుగులతో వచ్చింది. బొమ్మ బల్ల మీద ఉంది, అద్దం లేదు, మౌంటు లేదు. గిల్బర్ట్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బయటికి పొమ్మన్నాను, వెళ్ళలేదు. అది మాత్రం తన గొప్పే.

“అమ్మా, ఇది జూన్‌లో వేసింది కాదు. మార్చి పదకొండున, పై కిటికీ దగ్గర కూర్చుని వేసింది,” అన్నాను. ఇంకా చెప్పబోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది. సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. అంచులో రాసినది వేలు పెట్టి ఒక్కొక్క ముక్కే చదువుకుంది, బైబిల్ చదివినట్టు, పెదాలు కదుపుతూ. రెండుసార్లు చదివింది.

“ఈ నారింజ మావాడా?” అంది.

“అవునండీ,” అన్నాడు గిల్బర్ట్.

“రెండుసార్లు పైకొచ్చాడని రాశావు. మరి ఒక్కడే ఉన్నాడేం?”

“ఒక్కసారే వేశాను. రెండు పెడితే... ” ఆగిపోయాడు. రెండు పెడితే బొమ్మ చెడుతుందని చెప్పబోయాడని నాకు అర్థమైంది. అమ్మకి కూడా అర్థమైందనుకుంటాను.

“ఎన్నింటికి?”

“నాలుగూ పదికి. కొంచెం అటూ ఇటూ.”

అమ్మ కళ్ళజోడు తీసింది. గోడ గడియారం వంక చూసింది, లెక్క అక్కడ రాసి ఉన్నట్టు.

“నాలుగింటికి నేను ఇక్కడే ఉన్నా కదే,” అంది నాతో.

“ఉన్నావమ్మా.”

“ఆ మెట్టు మీద కూర్చున్నా.”

“నేనే ఆపాను. పైకెళ్తానంటే నేనే అడ్డం నిలబడ్డాను.”

“నువ్వే ఆపావు,” అంది. అంతే అంది. తిడుతుందనుకున్నాను. పోనీలే తల్లీ అంటుందేమోనని కూడా ఏ మూలో ఆశపడ్డాను, సిగ్గులేకుండా. రెండూ అనలేదు. తనతో తను చెప్పుకున్నట్టు, “నేనైనా తోసుకుని పోవాల్సింది. పెద్దమనిషి పని చేసుకుంటున్నాడు, పాడు చెయ్యకూడదని మర్యాదగా కూర్చున్నా. టీ కూడా తాగా,” అంది.

బల్ల పట్టుకున్నాను.

అమ్మ కుడిచేతి తొడుగు విప్పింది. బొటనవేలు నోట్లో పెట్టుకుని తడి చేసింది. చిన్నప్పుడు గుడి గుమ్మంలో మా మొహాల మీద మరకలు అలాగే తుడిచేది. ఏం చెయ్యబోతోందో గిల్బర్ట్‌కి నాకంటే ముందు తెలిసింది. “అత్తగారూ!” అని ఒక అడుగు ముందుకేశాడు, మళ్ళీ తనే ఆగిపోయాడు. అమ్మ వేలు నారింజ చుక్క మీద పెట్టి రుద్దింది. అది చిక్కటి రంగు. కాగితంలోకి ఇంకకుండా పైన కూర్చుని ఉంది, తేలిగ్గానే లేచింది. మళ్ళీ వేలు తడి చేసుకుంది, మళ్ళీ రుద్దింది. తొందర లేదు. పెదవి మీద కూడా నారింజ అంటింది. పిల్లాడు కదలకుండా నిలబడితే ఎంత శ్రద్ధగా తుడుస్తారో అంత శ్రద్ధగా, మొత్తం వచ్చేదాకా తుడిచింది.

“ఇప్పుడు పంపుకోండి, ఎక్కడికి పంపుకుంటారో,” అంది. “నా కొడుకు ఇందులో లేడు.”

రంగంటిన వేలు కడుక్కోలేదు, తుడుచుకోలేదు. అలాగే తొడుగు వేసుకుంది. గుమ్మం దగ్గర చెయ్యి అందించబోయాను. అందుకోలేదు. నేను వెనకాల వస్తానన్నాను. “వద్దు,” అంది. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

లోపలికొచ్చి బొమ్మ దగ్గర నిలబడ్డాను, ఏడవడానికి. తమ్ముడి కోసం, అమ్మ కోసం, నా కోసం కూడా, తనివితీరా ఏడుద్దామని. చుక్క ఉన్న చోట తడి ఇంకా ఆరలేదు. లేత రంగు మరక మిగిలింది, పక్కనున్న బూడిద మెల్లగా దాని అంచుల్లోకి పాకుతోంది. చూపు తిన్నగా అక్కడికే పోతోంది. అక్కడ ఏమీ దొరకదు, అయినా వెనక్కి రాబుద్ధి కాదు. ఇన్నాళ్ళూ ఆ నారింజ మెరుపుకి కనబడని నీళ్ళన్నీ ఇప్పుడు కనబడుతున్నాయి, ఎంత లోతు, ఎంత చలి.

ఏడుపు రాలేదు. ముందటికంటే గొప్పగా ఉంది బొమ్మ. అది నాకు అనిపించింది, అమ్మ మలుపు తిరిగి ఐదు నిమిషాలు కాకముందే అనిపించింది. తల తిప్పితే గిల్బర్ట్ కూడా అక్కడే చూస్తున్నాడు. ఇద్దరికీ ఒకటే తోచిందని ఇద్దరికీ తెలిసిపోయింది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేక చెరో గదిలోకి వెళ్ళాం.